మనవరాలికి ఎవరి ఇంటిపేరు?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అక్క ఉత్తరం రాశారు. పదకొండు పేజీలు చేత్తో రాసి, ఫోటోలు తీసి పంపారు. పేరు వెయ్యొద్దన్నారు, వెయ్యడం లేదు. గుర్తుపట్టే వివరాలు కూడా తీసేశాను. సంగతి ఇదీ.

ఆవిడకు 59 ఏళ్ళు, భర్త రెండేళ్ళ క్రితం రిటైరయ్యారు. ఒక్కడే కొడుకు. బెంగళూరులో తనతో పనిచేసే షిల్లాంగ్ అమ్మాయిని మూడేళ్ళ క్రితం రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నాడు. అమ్మాయి ఖాసీ, అంటే మేఘాలయ కొండల్లోని ఒక గిరిజన తెగ, ఆదివారం చర్చికి వెళ్తుంది, ముగ్గురు అక్కచెల్లెళ్ళలో చిన్నది, ఒక అన్న ఉన్నాడు. పెళ్ళప్పుడు ఇంట్లో గొడవైనా తర్వాత సర్దుకున్నారు. కాన్పు దగ్గరపడే సమయానికి అమ్మాయి తల్లి జారిపడి తుంటి ఎముక విరగడంతో పురుడు అత్తగారింట్లోనే పోశారు. పాప పుట్టింది, ఇప్పుడు నాలుగో నెల. "బాలింతకు కాయం నేనే చేసి పెట్టాను, వెల్లుల్లి కారం అన్నంలో కలిపి పెడితే ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా మాట్లాడకుండా తినేది" అని రాశారు.

పాప పేరు దగ్గర గొడవ లేదు, బారసాలనాడే అందరూ ఒప్పుకుని పెట్టారు. గొడవంతా ఇంటిపేరు దగ్గర. ఖాసీలలో పిల్లలకు తల్లి వంశం పేరు వస్తుంది. కోడలు, ఆమె తల్లి, మేనమామలు అదే కావాలంటున్నారు, కొడుకు సరేనన్నాడు. పైగా ఇంటికి చిన్నకూతురు కాబట్టి తల్లిని చూసుకోవలసింది తనేనని, ఏడాదిలోపు షిల్లాంగ్ వెళ్ళిపోయి అక్కడి నుంచే ఉద్యోగాలు చేసుకుంటామని ఇద్దరూ చెప్పారు. ఆ రోజు నుంచి ఈవిడ భర్త కొడుకుతో మాట్లాడటం మానేశారు. "ఇల్లరికం పోతున్నాడు, పోతూ పోతూ నా ఇంటిపేరు కూడా తుడిచేసి పోతున్నాడు" అంటున్నారట. ఆడపడుచు వచ్చినప్పుడల్లా "అక్కడ ఆడవాళ్ళదే రాజ్యమట, నీ కొడుకు వాళ్ళకు నౌకరీ చెయ్యాలి" అని అంటించి వెళ్తోంది. మరిదేమో "ఎస్టీ సర్టిఫికెట్ వస్తుంది కదా, ఆ పేరే పెట్టనివ్వండి" అంటున్నాడు.

ఏడో పేజీలో ఇంకో సంగతి ఉంది. బారసాలకు వచ్చిన పక్క ఫ్లాట్ పెద్దావిడ పాపను ఎత్తుకుని, "కళ్ళు ఆ చైనా వాళ్ళవే వచ్చాయి, ముక్కన్నా మీ వాళ్ళది రాకపోయిందే" అంటే అందరూ నవ్వారు. ఈవిడా నవ్వారు. కోడలు అక్కడే ఉంది. "తనకు తెలుగు రాదుగా అనుకున్నాను, కానీ ఆ రోజు నుంచి గది తలుపు వేసుకుంటోంది." నేను మా ఆయన వైపు ఉండాలా, కొడుకు వైపు ఉండాలా, చివరికి ఈ పాప ఎవరి పిల్లవుతుంది, అని అడిగారు. ఆఖరి పేజీ అడుగున చిన్న అక్షరాలతో మరో ప్రశ్న ఉంది, దానికి చివర్లో జవాబు రాస్తాను.

అక్కా, ముందు ఏడో పేజీ గురించే మాట్లాడుకుందాం. మీరు దాన్ని రెండు పెద్ద గొడవల మధ్య నాలుగు లైన్లలో రాసి దాటేశారు గానీ, ఉత్తరం మొత్తంలో తొందరగా పట్టించుకోవలసింది అదేనని నాకనిపించింది. ఇంటిపేరు గురించి ఆలోచించుకోవడానికి నెలల టైముంది, దీనికి లేదు. మూడేళ్ళుగా తెలుగు వింటున్న పిల్ల, భర్త రోజూ మీతో ఫోన్లో మాట్లాడుతుంటే పక్కనే ఉన్న పిల్ల, కళ్ళు, ముక్కు, చైనా అన్న మూడు మాటలు అర్థం చేసుకోలేదా? పక్కావిడ అన్నందుకు కాదు ఆ తలుపు పడింది, మీరు నవ్వినందుకు. బాలింతగా ఉన్నప్పుడు అన్నం కలిపి పెట్టిన చెయ్యి మీది కాబట్టే ఆ నవ్వు అంత లోపలికి దిగింది.

ఈశాన్య రాష్ట్రాల పిల్లలు బెంగళూరులోనో ఢిల్లీలోనో కాలేజీలో చేరిన రోజు నుంచి ఈ మాట వింటూనే ఉంటారు. 2014 జనవరిలో ఢిల్లీలో ఒక అరుణాచల్ కుర్రాడి జుట్టు గురించి షాపులో వెక్కిరించారు, అది గొడవైంది, దెబ్బలు తిన్న ఆ పిల్లాడు మర్నాడు చనిపోయాడు. ఆ తర్వాతే ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ సమస్యలు చూడటానికి కేంద్రం బెజ్బరువా కమిటీ వేసింది. మీ కోడలికి ఇది పేపర్లో చదివిన వార్త కాదు, తన ఈడు వాళ్ళకు జరిగిన విషయం. ఇంకో మాట, ఖాసీ భాషకు చైనా భాషతో చుట్టరికమే లేదు. కంబోడియా వాళ్ళ ఖ్మేర్ భాషకు అది చుట్టం, మన శ్రీకాకుళం వైపు కొండల్లో సవరలు మాట్లాడే భాషకు దూరపు చుట్టం. ఏ గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజును మనం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నామో, ఆ గిడుగువారే పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం తయారు చేశారు. ఆ పిల్ల మాటలు అంత పరాయివేమీ కావు.

కొడుకు చేత చెప్పించకండి. పాపకు నీళ్ళు పోసి సాంబ్రాణి పొగ వేశాక, మీరిద్దరే ఉన్నప్పుడు, తెలుగులోనే చెప్పండి. "ఆ రోజు నేను నవ్వాను, తప్పు చేశాను. నీ కళ్ళు నా మనవరాలికి వచ్చినందుకు నాకు సంతోషమే." ఆ రెండో మాట నిజంగా మనసులో ఉంటేనే అనండి, లేకపోతే మొదటిదే చాలు. చెప్పిన వెంటనే ఆ అమ్మాయి కరిగిపోతుందని అనుకోకండి, వారం పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. పక్కావిడతో కూడా ఒక మాట అనవలసి ఉంటుంది, దెబ్బలాడక్కర్లేదు, "ఆ మాట మా ఇంట్లో వద్దండి పిన్నిగారూ" అంటే చాలు. ఆవిడ ముఖం ముడుచుకుంటారు, కొన్నాళ్ళు పేరంటానికి పిలవకపోవచ్చు. ఏమీ అనకుండా ఊరుకోవడం కూడా మీ చేతిలోనే ఉంది, కానీ అప్పుడు మూడేళ్ళ తర్వాత మీ లిఫ్టులో అదే మాట పాప చెవిన పడుతుంది, పాపకు తెలుగు బాగానే వచ్చి ఉంటుంది.

ఇక ఇంటిపేరు. మీ ఆయన బాధ నాకు తేలిగ్గా ఏమీ అనిపించడం లేదు. ఆయన పుట్టినప్పటి నుంచీ చూసిన పద్ధతి ఒకటే, తాతది తండ్రికి, తండ్రిది కొడుక్కి. అయితే ఒక విషయం ఆయన ముందు పెట్టి చూడండి. పుట్టింది ఆడపిల్ల. మన పద్ధతి ప్రకారమే మీ ఇంటిపేరు పెట్టారనుకోండి, పాతికేళ్ళ తర్వాత శుభలేఖ మీద దాన్ని చివరిసారి చూస్తారు. మీ విషయంలో జరిగిందీ అదే కదా, పదకొండు పేజీల ఉత్తరంలో మీ పుట్టింటి ఇంటిపేరు ఒక్కచోట కూడా లేదు. షిల్లాంగ్‌లో ఉన్న ఆ తల్లి లెక్క వేరు. కొడుకు పిల్లలు కోడలి వంశంలోకి వెళ్తారు, వంశం పేరు ముందుకు వెళ్ళేది కూతుళ్ళకు పుట్టిన ఆడపిల్లల వల్లే. అక్కలకు కూతుళ్ళుంటే వాళ్ళ వంశం ఆగిపోదు, నిజమే, కానీ చిన్నకూతురి తర్వాత ఆ ఇల్లు అందుకోవలసింది ఆమె కూతురే. అంటే మీ ఇంట్లో పాతికేళ్ళ పాటు ఉండే పేరు కోసం మీరు పట్టుబడుతుంటే, తరతరాలకు వెళ్ళే పేరు కోసం వాళ్ళు పట్టుబడుతున్నారు. దీంతో మీ ఆయన బాధ పోతుందని నేననను. కొడుకు తనను అవమానించడానికే ఇలా చేశాడన్న కోపం మాత్రం కొంచెం తగ్గొచ్చు.

తల్లిని బట్టి పిలిపించుకోవడం మన నేలకు కొత్త కూడా కాదు. అమరావతి మీకు ఎంత దూరం, ముప్పై అయిదు కిలోమీటర్లుంటుందా? ఆ స్తూపాల కాలపు శాతవాహన రాజుల పేర్లు చూడండి, గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి. వాళ్ళ తర్వాత నాగార్జునకొండ దగ్గర విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకులు కూడా అంతే, వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. సింహాసనం తండ్రి నుంచి కొడుక్కే వెళ్ళిందనుకోండి, ఖాసీ పద్ధతీ అదీ ఒకటే అని నేను చెప్పడం లేదు. అమ్మ పేరు పెట్టుకుంటే నాన్న వైపు పరువు పోతుందని ఆ రాజులు అనుకోలేదు, అంతవరకే.

మీ ఆడపడుచు అంటున్న ఆడరాజ్యం మాట కూడా నిజం కాదు. వంశం తల్లి నుంచి వస్తుంది, పూర్వీకుల ఆస్తి చిన్నకూతురి చేతికి వస్తుంది, ఆమెను 'ఖద్దూ' అంటారు, ఆమె భర్త వచ్చి ఆ ఇంట్లో ఉంటాడు. ఇంతవరకు విన్నవాళ్ళు మిగతాది ఊహించేసుకుంటారు. నిజానికి ఆ ఆస్తిని ఆమె ఇష్టం వచ్చినట్టు అమ్ముకోలేదు, మేనమామలు, పెద్దలు ఒప్పుకోవాలి. ఆమె ఆ ఇంటికి కాపలాదారు లాంటిది. ముసలి తల్లిదండ్రులు, పెళ్ళి కానివాళ్ళు, కష్టంలో ఉండి తిరిగొచ్చిన అన్నదమ్ములు అందరూ ఆ ఇంటికే చేరతారు. ఊరి దర్బారులో కూర్చుని నిర్ణయాలు చేసింది సంప్రదాయంగా మగవాళ్ళే. తండ్రి వరస రావాలని అక్కడి మగవాళ్ళు కొందరు 1990లో సింఖోంగ్ రింపెయ్ థిమ్మాయ్ అనే సంఘం కూడా పెట్టుకున్నారు. ఇక్కడ మీ ఇంట్లో జరిగే వాదన అక్కడా చాలా ఇళ్ళల్లో జరుగుతూనే ఉంది. మనం మాత్రం మారలేదా? మీకు ఊహ తెలిశాకే, 1986లో, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ మన రాష్ట్రం చట్టం చేసింది, దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. అప్పుడూ కొంపలు మునిగిపోతాయన్నవాళ్ళు మన పెద్దల్లో చాలామంది.

సరే, ఏం చెయ్యొచ్చో చూద్దాం. ముందు టెన్షన్ తగ్గించే మాట ఒకటి. పుట్టుక రిజిస్టరైంది, పేరు గడి ఖాళీగా ఉంది అన్నారు కదా, రిజిస్ట్రేషన్ అయిన 12 నెలల్లోపు పేరు ఏ ఫీజూ లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత కూడా ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ళ వరకు అవకాశం ఉంది. వచ్చే నెల అన్నప్రాశన లోపల తేలిపోవాలని మిమ్మల్ని తరుముతున్నది చట్టం కాదు, చుట్టాలు. తండ్రి ఇంటిపేరే పెట్టాలన్న చట్టమూ లేదు. 2022 జూలైలో మన తెలుగు కుటుంబం కేసులోనే సుప్రీం కోర్టు బిడ్డ ఇంటిపేరు గురించి తీర్పు ఇచ్చింది. అక్కడ తండ్రి చనిపోయాడు, తాత, నాయనమ్మ కోర్టుకెళ్ళారు, ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదని కోర్టు చెప్పింది. మీ ఇంట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారు, ఇద్దరూ ఒక మాట మీద ఉన్నారు, కాబట్టి హక్కుల గురించి మాట్లాడుకుంటే మీకూ మీ ఆయనకూ చెయ్యగలిగింది దాదాపు ఏమీ లేదు. పట్టుబట్టి కొడుకును లొంగదీయొచ్చు, అలా లొంగిన ఇళ్ళు మీరూ చూసే ఉంటారు.

తల్లి వంశం పేరు పెడితే పాపకు అక్కడ పుట్టుకతో ఒక స్థానం వస్తుంది, మేనమామలు, పెద్దమ్మలు, వాళ్ళ పిల్లలు అందరూ తనవాళ్ళవుతారు, అదే వంశంలో పెళ్ళి చేసుకోకూడదన్న కట్టుబాటుతో సహా, మన సగోత్రం లాగే. తండ్రి ఖాసీ కాకపోయినా తల్లివరస ఆచారం పాటించే పిల్లలను ఖాసీలుగానే చూస్తుంది అక్కడి జిల్లా కౌన్సిల్ చేసిన 1997 నాటి వంశాచార చట్టం. దానికి బదులు మీ వైపు నష్టం ఏమిటంటే, ఊళ్ళో ఎవరైనా "పాప ఇంటిపేరేంటి" అని అడిగిన ప్రతిసారీ మీ ఆయన నోరు పెగలక నిలబడాలి. ఆ నష్టం చిన్నదని నేననను. మీ ఇంటిపేరే పెడితే ఇక్కడ అందరికీ హాయి, అక్కడ ఆ అమ్మాయి తల్లి ముందు, మేనమామల ముందు తల దించుకోవాలి, పాప రేపు అమ్మమ్మ ఇంట్లో చుట్టంగా ఉంటుంది గానీ ఇంటి మనిషిగా ఉండదు.

ఇంకో దారి ఉంది, అది వింతగా మన రెండు అలవాట్లలోనే దాగి ఉంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్ళు వంశం పేరు చివర రాస్తారు. ముందు మీది, మధ్యలో పాప పేరు, చివర వాళ్ళది. ఎవరి జాగాలో వాళ్ళది ఉంటుంది, ఒకటి ఇంకోదాన్ని తొయ్యక్కర్లేదు. అయితే ఇందులోనూ ఇబ్బందులున్నాయి. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరుకు ఉండేది ఒక్క గడే, అక్కడ వాళ్ళ వంశం పేరు వస్తుంది, మీది పాప పేరుతో కలిసిపోతుంది. స్కూల్లో పేరు పొడుగైపోయి టీచర్లు కుదించేస్తారు, ఎటు కుదిస్తారో మన చేతిలో ఉండదు. షిల్లాంగ్ మేనమామలకు ఇది సమ్మతమో కాదో ముందే కోడలి చేత కనుక్కోవాలి. నాకు మాత్రం మూడింటిలో ఇదే నచ్చింది, కానీ ఇది మీ ఆయన నోటి నుంచి రావాలి. "మా ఇంటిపేరు కూడా ఉంచుతారా" అని ఆయన అడగడం వేరు, మీరో నేనో పంపించిన రాజీ వేరు. మరిది చెప్పిన సర్టిఫికెట్ మాట మాత్రం ఈ చర్చలోకి రానివ్వకండి. ఆ పేరు పెట్టినంత మాత్రాన సర్టిఫికెట్ వచ్చెయ్యదు. తల్లి గిరిజనురాలు, తండ్రి కానప్పుడు బిడ్డ ఏ వాతావరణంలో పెరిగింది, ఎవరు తమ మనిషిగా చూశారు అన్నది చూడాలని 2012లోనే సుప్రీం కోర్టు చెప్పింది. లాభం కోసం ఆ పేరు ఒప్పుకున్నారని కోడలికి తెలిస్తే ఒప్పుకోకపోవడం కన్నా ఎక్కువ బాధపడుతుంది.

ఇక షిల్లాంగ్ వెళ్ళిపోవడం. ఉత్తరం రెండోసారి చదివినప్పుడు తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయాను. మీ ఆయన రాత్రి రెండింటికి లేచి హాల్లో లైటు వెయ్యకుండా కూర్చుంటున్నారని, ఒకసారి మీరు వెళ్ళి పక్కన కూర్చుంటే "నాకేమన్నా అయితే వాడు అక్కడి నుంచి ఎన్ని గంటల్లో వస్తాడు" అన్నారని రాశారు. అక్కా, ఆయన పగలు ఇంటిపేరు అంటున్నారు, రాత్రి అసలు మాట అంటున్నారు. చివరిదాకా అమ్మానాన్నల దగ్గర ఎవరుంటారు, ఇదే ప్రశ్న. మన వాళ్ళు దానికి కొడుకు అని జవాబు చెప్పుకున్నారు, వాళ్ళు చిన్నకూతురు అని చెప్పుకున్నారు. తుంటి ఎముక విరిగి మంచం మీద ఉన్న ఆ తల్లి కూడా అక్కడ రాత్రిళ్ళు అదే అనుకుంటూ ఉంటుంది కదా, నా చిన్నది తెలుగు వాళ్ళింట్లో ఉండిపోతుందేమో అని. మీ రెండు ఇళ్ళల్లో భయం ఒకటే, పిల్లలు మాత్రం ఇద్దరే.

ఇల్లరికం అన్న మాట ముందు పక్కన పెట్టండి. ఆ మాటలో మన వాళ్ళు ఎంతో ఎగతాళి కలిపేశారు. కోడలికి పురుడు పొయ్యడానికి ఆరు నెలలు అమెరికా వెళ్ళొచ్చిన అమ్మలు మీ వీధిలోనే నలుగురైదుగురు ఉంటారు, వాళ్ళ కొడుకులు పన్నెండేళ్ళుగా రాకపోయినా దాన్ని ఎవరూ తప్పుగా అనరు. షిల్లాంగ్ మన దేశంలోనే ఉంది, హైదరాబాద్ నుంచి గువాహటి వరకు విమానం, అక్కడి నుంచి నూరు కిలోమీటర్ల రోడ్డు. పొద్దున బయల్దేరితే రాత్రికి మీ ఇంట్లో ఉంటాడు. దూరం అదీ, అంతకన్నా ఎక్కువ కాదు.

అయినా వాళ్ళు వెళ్తే మీకు ఒంటరితనం తప్పదు, దాన్ని నేను చక్కెర పూసి చెప్పను. వెళ్ళనివ్వడం ఒక దారి, అప్పుడు ముందే కొన్ని మాటలు తేల్చుకోవాలి, ఏడాదిలో ఎన్ని నెలలు ఇక్కడ, ఎవరికి ఆపరేషన్ అయినా కొడుకు ఎన్నాళ్ళు వచ్చి ఉంటాడు, మీ ఇంటి కాగితాలు, మందుల ఖర్చు ఎవరు చూస్తారు. ఇవి మాట్లాడటం మొహమాటంగా ఉంటుంది, మాట్లాడకపోతే ప్రతి పండక్కీ అదే గొడవ అవుతుంది. బెంగళూరులోనే ఉండిపొమ్మనడం ఇంకో దారి, అప్పుడు అటూ కాదు ఇటూ కాదు, రెండు ఇళ్ళల్లోనూ ముసలివాళ్ళు ఒంటరిగానే ఉంటారు, ఆ అమ్మాయి అక్కల చేత మాటలు పడుతుంది. మూడోది, వాళ్ళ అక్కలు కొన్నాళ్ళు తల్లిని చూసుకునే వీలుందేమో అడగడం, ఒక రెండేళ్ళు వాయిదా వెయ్యడం. ఇది అడగొచ్చు, కానీ అడిగేది మీ కొడుకు కాకూడదు, మీరే అడగాలి, ఆ తల్లినే.

ఎలా అడగాలి అంటారేమో. మీరు పెళ్ళికి షిల్లాంగ్ వెళ్ళినప్పటి సంగతి రెండో పేజీలో రాశారు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆవిడ సగం తమలపాకు, సున్నం, ఒక వక్క ముక్క చేతిలో పెట్టిందని, నమిలేసరికి ఒళ్ళంతా వేడెక్కి, చెమటలు పట్టి, తల తిరిగి కుర్చీలో కూలబడ్డారని, ఇదేం మర్యాద అనుకున్నారని. అక్కా, దాన్ని వాళ్ళు 'క్వాయ్' అంటారు. అది పచ్చి వక్క, అలవాటు లేనివాళ్ళకు అలాగే ఉంటుంది. ఇంటికొచ్చిన మనిషికి ముందు ఇచ్చేది అదే. ఎవరైనా చనిపోతే దేవుడి ఇంట్లో క్వాయ్ తింటున్నాడు అంటారు, అంత గౌరవం దానికి. మీరు పేరంటాలకు వచ్చినవాళ్ళకు ఏమిస్తారు? ఆకు, వక్క. ఆవిడ మీకు తాంబూలం ఇచ్చింది, అంతే.

అన్నప్రాశనకు రావడం ఆ కాలితో ఆవిడకు కుదరదు. మేనమామ రావచ్చు. మన పద్ధతిలోనూ పాపకు మొదటి ముద్ద పెట్టేది మేనమామే కదా, అతన్ని పిలవండి, మీరే ఫోన్ చేసి పిలవండి. పూజ విషయంలో కోడలికి ఏది ఇబ్బందో ముందే అడగండి, మతం గురించి మీరు రెండు లైన్లే రాశారు, అది మీ ఇంట్లో అంత పెద్ద గొడవ కాదనిపించింది, కానివ్వకండి కూడా. గుంటూరుకు లూథరన్ మిషన్ హేయర్ దొర వచ్చింది 1842లో, ఖాసీ కొండలకు వెల్ష్ మిషన్ థామస్ జోన్స్ వెళ్ళింది 1841లో. ఆదివారం చర్చి గంట మీ ఊళ్ళో మీ తాతల కాలం నుంచీ మోగుతోంది.

ఎండలు ముదిరాక, రోహిణి కార్తెలో మీరిద్దరూ ఒక పదిహేను రోజులు షిల్లాంగ్ వెళ్ళి ఉండండి. అక్కడ చల్లగా ఉంటుంది, కొడుకు వెళ్ళి ఎక్కడ ఉంటాడో, ఎవరి మధ్య ఉంటాడో మీ ఆయన కళ్ళతో చూస్తారు. వద్దంటే మీరొక్కరే వెళ్ళండి. ఆవిడ మంచం పక్కన కూర్చుని, మీకు ఖాసీ రాదు, ఆవిడకు తెలుగు రాదు, కోడలు మధ్యలో ఉంటుంది, వదినగారూ అని పిలవండి. వాళ్ళూ కాస్త పెద్ద ఆడవాళ్ళను 'కొంగ్' అని పిలుస్తారు, మనం ముక్కూ మొహం తెలియని వాళ్ళను కూడా అక్కా అన్నట్టు. వెళ్ళేటప్పుడు గుంటూరు కారం ఎక్కువ పట్టుకెళ్ళకండి, వాళ్ళు మనంత తినరు. ఎండు చేపల పచ్చడి వాళ్ళకు ప్రాణం, చేపను మంట మీద కాల్చి మిరపకాయతో నూరతారు. కోడలు వంటింట్లో అది చేస్తే వాసన అని మీరు కిటికీలన్నీ తీశారని రాశారు, మన కోస్తాలో మెత్తళ్ళు వంకాయలో వేసి వండుకునే ఇళ్ళల్లో ఏ వాసన వస్తుందో గుర్తుచేసుకోండి.

భర్త వైపా, కొడుకు వైపా అన్నారు. మీ ఆయన్ని ఒంటరిని చెయ్యకండి, ఆయన తరఫున వాదించకండి కూడా. ఆయన, కొడుకు మాట్లాడుకోవాలి, ఆ మాటలు మీరు మోయడం మొదలుపెడితే జన్మంతా మోస్తూనే ఉండాలి. హాల్లో చీకట్లో అన్న మాట కొడుకుతో ఒక్కసారి అనమనండి, ఇంటిపేరు ఊసెత్తకుండా. తండ్రి పరువు గురించి మాట్లాడితే కొడుకు వాదిస్తాడు, భయం గురించి మాట్లాడితే వింటాడు. అనలేనంటే ఇంకొన్నాళ్ళు అలాగే ఉండనివ్వండి, తొయ్యకండి. పాప ఎవరి పిల్ల అంటారా, అది తను పెరిగి చెప్తుంది, అప్పటికి ఇద్దరు అమ్మమ్మానాయనమ్మల మాటలూ తనకు వచ్చి ఉండాలి.

అందుకే ఆఖరి పేజీ అడుగున రాసిన ప్రశ్న. కోడలు పాపను ఖాసీలో ఏదో పాడుతూ నిద్రపుచ్చుతోందని, మీరు తెలుగు, కొడుకూ కోడలూ మధ్యలో ఇంగ్లీషు, ఇన్ని భాషల్లో పాపకు మాటలు ఆలస్యంగా వస్తాయేమోనని భయపడ్డారు. ఆలస్యం కావు. రెండు మూడు భాషల మధ్య పెరగడం వల్ల పిల్లలకు మాట్లాడటంలో లోపం రాదు, మొదట్లో కలిపేసి మాట్లాడతారు, తర్వాత వాళ్ళే విడదీసుకుంటారు. గుంటూరులో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగిన పిల్లలు మీకు కనపడుతూనే ఉన్నారు కదా. మీరు పాపతో తెలుగు తప్ప ఇంకేం మాట్లాడకండి, వాళ్ళు వెళ్ళాక వీడియో కాల్లో కూడా. ఆ లాలిపాటలో ఏముందో మాత్రం కోడల్ని అడిగి తెలుగు అక్షరాల్లో రాసుకోండి, మీ ఒళ్ళో ఉన్నప్పుడు పాడొచ్చు. పాట అడగడానికి వెళ్ళేముందు, ఆ నవ్వు సంగతి చెప్పేసి వెళ్ళండి.